గట్టు మీద ఆఖరి షాటు

టీవీలో నేను పాతికేళ్ళు పనిచేశాను. అసిస్టెంటు డైరెక్టరుగా చేరాను, అసిస్టెంటు డైరెక్టరుగానే దిగిపోయాను. నా దగ్గర ఓనమాలు దిద్దుకున్నవాళ్ళు డైరెక్టర్లయి, నన్నే టీ తెమ్మనే దాకా ఎదిగారు. దానికి నాకు ఏడుపు లేదనను, ఉంది. కానీ నేను డైరెక్టరు కాకపోవడానికి కారణం వాళ్ళెవరూ కాదు.

పెళ్ళి భోజనాల దగ్గర ఎవరైనా "మీరు టీవీలో ఏం చేసేవారండీ?" అంటే "గుర్తుపెట్టుకునేవాణ్ణి" అని చెప్పేవాణ్ణి. హాస్యానికన్నాననుకుని నవ్వేవారు. నిజంగా మా పని అదే. నిన్న తీసిన ముక్కలో ఆవిడ చేతికి ఎన్ని గాజులున్నాయి, గ్లాసులో నీళ్ళు ఎంతవరకున్నాయి, ఆయన జేబులో పెన్ను ఏ వైపుంది అని నోటుబుక్కులో రాసుకుని, ఇవాళ తీసే ముక్కలో కూడా అన్నీ అలాగే ఉండేట్టు చూడాలి. దీన్ని కంటిన్యుటీ అంటారు. చూసేవాళ్ళకి రెండు ముక్కలూ ఒకే నిమిషంలో జరిగినట్టు కనిపించాలి. మధ్యలో ఎవరింట్లో ఏం జరిగినా తెరమీద తెలియకూడదు.

ఈ విద్య నేను టీవీలో నేర్చుకోలేదు. మనవైపు టీవీ అన్న మాటే ఎవరూ ఎరగని కాలంలో, అరవైల చివర్లో, పాతపట్నానికి నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో నేర్చుకున్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మాది విజయనగరం. నాన్న గుడిలో అర్చకులు, ఊళ్ళో నలుగురికీ పౌరోహిత్యం కూడా చేసేవారు. నాకు మంత్రాలకంటే నాటకాలు బాగా వంటబట్టాయి. డిగ్రీ అయ్యాక మద్రాసు పోయి రెండేళ్ళు స్టూడియోల గేట్ల దగ్గర నిలబడి కాళ్ళు అరగదీసుకున్నాను. చివరికి, కొత్త వరి వంగడాల గురించి రైతులకు చూపించడానికి ఒక చిన్న సినిమా తీస్తున్నారనీ, ఆ వైపు యాస తెలిసిన అసిస్టెంటు కావాలనీ తెలిసి అందులో దూరాను. గతి లేనమ్మకు గంజే పానకం. నాకైతే అది నిజంగా పానకంలాగే ఉంది.

డైరెక్టరు యాభై ఏళ్ళ పెద్దమనిషి, నెమ్మదైనవాడు. కెమెరామెన్ ఒకరు, డ్రైవరు ఒకరు, నేను. పాతపట్నం బంగళాలో మకాం. పొద్దున్నే జీపులో పల్లెకి పోవడం, చీకటి పడకముందే వచ్చేయడం. కొండల వైపు గొడవలు మొదలైన రోజులవి. సాయంత్రం దాటి జీపు రోడ్డు మీద కనిపించకూడదని పోలీసులు గట్టిగా చెప్పారు.

మా సినిమాకి రైతు కావాలి. నిజం రైతే కావాలన్నారు డైరెక్టరు గారు. ఊళ్ళో నలుగురిని చూసి ఒకాయన్ని ఎంచాం. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఒత్తయిన జుత్తు, మెలి తిరిగిన మీసం, తెల్లటి పలువరస. నాకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి పట్టుకుని నేను నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను మీరు అనేవాడు. అప్పుడది నాకు వింతగా అనిపించలేదు.

మొదటి రోజు ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని మడిలోకి దిగాడు. ఆ ఊళ్ళో ఎండలో పనిచేసే మగవాడెవడూ తలగుడ్డ లేకుండా ఉండడు. మొహం మీద నీడ పడుతోందని నేనే వెళ్ళి తీయించాను. డైరెక్టరు గారు "శభాష్" అన్నారు. సినిమా పనిలో నాకు దక్కిన మొదటి శభాష్ అది. వెంటనే నోటుబుక్కు తీసి రాసుకున్నాను: తల, తువ్వాలు లేదు. జుత్తు నుదుటి మీద ఎడమ వైపు. మీసం కుడి కొన కొంచెం కిందికి. పంచె మోకాళ్ళ పైకి.

ఆయన తండ్రి అరుగు మీద నులక మంచంలో కూర్చుని మమ్మల్ని కనిపెడుతూ ఉండేవాడు. ముసలాయనకి నోరు ఊరుకునేది కాదు.

"ఏటి బాబూ, మావోడి మొకం కాయితం మీద పడతాదా, గుడ్డ మీద పడతాదా?"

"గుడ్డ మీదే తాతా."

"అయితే ఆ గుడ్డేదో తొరగా అట్టుకు రండి. సూసి పోతాను. ఆడి మొకం ఏటంత బాగుంటాదో నాకు తెలవాల."

"నీ పోలికే కదా తాతా."

"మరదే గదా నా బెంగ," అనేవాడు. ముసలమ్మ లోపల్నుంచి "ఊరుకో ముసిలోడా" అని కేకేసేది.

మూడు రోజులు ఎండ బాగా కాసింది. దున్నడం అయింది, ఆకు తీయడం అయింది, ఉభాలు అయ్యాయి. నారుని అక్కడ ఆకంటారు, నాట్లని ఉభాలంటారు. ఆడవాళ్ళు వరసగా వంగి నాటుతుంటే ఈయన ఆకుకట్టలు విసురుతూ నిజంగానే సినిమా హీరోలా కనిపించాడు. ఇంక మిగిలింది ఒక్కటే, ఆఖరి షాటు. నాటిన మడి అంతా చూసుకుని రైతు కెమెరా వైపు తిరిగి తృప్తిగా నవ్వాలి. దాని మీద సినిమా అయిపోతుంది.

నాలుగో రోజు తెల్లవారి మేం వెళ్ళేసరికి అరుగు మీద మంచం నిలబెట్టి ఉంది. ముసలాయన నిద్రలోనే పోయాడు. ఒక్కగానొక్క కొడుకు, ఆ సాయంత్రమే తలకొరివి పెట్టాడు. మేం దూరంగా నిలబడి చూశాం. నాకు నిజంగానే దుఃఖం వచ్చింది. ఆ రాత్రి బంగళాలో భోజనాల దగ్గర డైరెక్టరు గారు అడిగేదాకా నాకు సినిమా ఆలోచనే రాలేదు.

"ఏమయ్యా, మీ వైపు తండ్రి పోతే కొడుకు గుండు చేయించుకుంటాడా?"

"ఈ ఊళ్ళో పదో రోజున, ఏటి ఒడ్డున. మీసం కూడా తీసేస్తారండి."

"అయితే మనం తీసిన మూడు రోజుల ఫిల్మూ గోవిందా," అన్నారాయన. కోపంగా కాదు, అలసటగా అన్నారు. మళ్ళీ ఇంకొకణ్ణి పెట్టి మొదట్నుంచీ తీయడానికి ఫిల్ము లేదు. కొరివి పెట్టినవాడు పదో రోజుదాకా పొలంలో అడుగు పెట్టడు. పదో రోజున జుత్తు పోతుంది. ముందుకి పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి.

"కర్మ మామూలుగా చేసుకోమను. గుండు మాత్రం మర్నాటికి వాయిదా వేసుకుంటాడేమో అడుగు. పొద్దున్నే ఒక్క షాటు. ఒక్కరోజే కదా," అన్నారు. "వద్దంటే వదిలెయ్," అని కూడా అన్నారు. ఆ మాట ఆయన అన్నారు. అది నేను ఎవరికీ దాచలేదు.

నేను వదలలేదు.

ముసలాయన పోయిన ఎనిమిదో రోజున వెళ్ళాను. ఆయన అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నాడు. గడ్డం మాసింది. విషయం చెప్పాను.

"అదెలగ కుదురుతాది బాబూ? జుత్తు తియ్యకండా పిండం ఎలగ పెడతాను?"

అప్పుడు నేను నోరు విప్పి ఒక అబద్ధం చెప్పాను. సరదా అబద్ధం కాదు, భయపడి ఆడిన అబద్ధం కూడా కాదు. బాగా ఆలోచించి, మా నాన్న గొంతు తెచ్చిపెట్టుకుని చెప్పాను.

"శాస్త్రంలో మార్గం ఉందయ్యా. తగిన కారణముంటే క్షౌరం మర్నాటికి ఉంచుకోవచ్చు. సంకల్పంలో ఒక మాట చెప్పుకుంటే చాలు, దోషం లేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. మా నాన్న సంగతి మొదటి రోజే మాటల్లో చెప్పి ఉన్నాను. "మీ నాయినగోరు గుడిలో పూజ సేత్తారు గదా?"

"చేస్తారు."

"అయితే మీకు తెలవకండా ఉంతాదేటి," అని, లోపలికి తిరిగి, "అమా, పంతులుగోరి బాబు సెప్తన్నారు. ఒక్క రోజు ఆగితే తప్పు నేదంట," అన్నాడు.

ముసలమ్మ గడప దాకా వచ్చి నిలబడింది. "ఆ బొమ్మ నేపోతే ఏటవుతాది బాబూ?" అని అడిగింది.

సరైన ప్రశ్న అది. ఏమీ అవదు. ఎరువు ఎంత వెయ్యాలో చెప్పే సినిమా ఒకటి తగ్గుతుంది. ఒక కుర్ర అసిస్టెంటుకి రెండో శభాష్ దక్కదు. కానీ నేను అలా చెప్పలేదు. "తాత కోరిక కదమ్మా. కొడుకు మొహం తెరమీద చూడాలన్నాడు కదా," అన్నాను. చచ్చిపోయిన ముసలాయన్ని కూడా నా పనికి వాడుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పదో రోజు పొద్దున్న మహేంద్రతనయ ఏటి ఒడ్డుకి నేనూ వెళ్ళాను. నాకు అక్కడ పని లేదు. ఆయన మనసు మార్చుకుంటాడేమోనన్న భయంతో వెళ్ళాను. చంకలో నోటుబుక్కు కూడా ఉంది. ఊరి మంగలి పెట్టె తెరిచి కత్తి నూరుకుంటున్నాడు. ఈయన అతన్ని దాటి నేరుగా నీళ్ళలోకి దిగి మునిగి, తడి జుత్తుతో వచ్చి పిండాల దగ్గర కూర్చున్నాడు.

కర్మ చేయించే దాసరి చేతులు ఆపేశాడు. "జుత్తు తీయించనేదేటి?"

"రేపు తీయిత్తాను. శాస్త్రం ఒప్పుతాదంట. పంతులుగోరు సెప్పినారు."

దాసరి నావైపు చూశాడు. అరవై ఏళ్ళ మనిషి, ఆ ఊళ్ళో మూడు తరాలకి కర్మలు చేయించినవాడు. నేను తల ఊపాను. "పెద్దోరు మీరు సెప్తే నానేటంతాను," అని మళ్ళీ పనిలో పడ్డాడు.

పిండం ఆకులో పెట్టి ఇసక మీద ఉంచి అందరూ వెనక్కి జరిగారు. అవతలి ఒడ్డున తుమ్మ చెట్టు మీద మూడు కాకులున్నాయి. ఒకటి ఎగిరొచ్చి ఆకుకి రెండు గజాల దూరంలో వాలింది. అటూ ఇటూ నడిచింది. మళ్ళీ ఎగిరిపోయింది.

కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కొరత ఉన్నట్టు. అది తెలుసుకుని తీరుస్తామని మాట ఇవ్వాలి. ఆయన చేతులు జోడించి, "అమ్మని సూసుకుంతాను అయ్యా," అన్నాడు. కాకి రాలేదు. "సెల్లికి సీర పెడతాను." రాలేదు. "నీ కోడెని అమ్మను. నా సేత్తోనే మేపుకుంతాను." ఎండ ఎక్కింది. మెతుకుల మీద చీమలు పట్టాయి. చివరికి ఆయన గొంతు సన్నబడింది. "రేపు మద్దేన్నానికల్లా జుత్తు తీయించీసుకుంతాను అయ్యా. ఒక్క రోజు ఆగు అయ్యా."

అప్పుడు అందరి తలలూ నావైపు తిరిగాయి. మంగలి మూసిన పెట్టె మళ్ళీ తెరిచి పట్టుకున్నాడు. నావైపు చూశాడు. నేను ఒక్క మాట, "తీయించేసుకోవయ్యా" అన్న ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ అంటే, రెండు రోజుల కింద నేను చెప్పిన శాస్త్రం అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుంది. నేను చేతి గడియారం చూసుకున్నాను.

మధ్యాహ్నానికి దాసరి లేచి ఆకుతో సహా పిండాన్ని ఏట్లో వదిలేశాడు. ఆయన తడి జుత్తు ఆరిపోయి నుదుటి మీద ఎడమ వైపుకి పడింది. మా కంటిన్యుటీకి సరిగ్గా సరిపోయింది. ఆ క్షణంలో నాకు తట్టిన ఆలోచన అదే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు పొద్దున్న ఎండ వచ్చింది. గడ్డం నేనే దగ్గరుండి గీయించి, మీసం కొన సరిచేసి, ఆయన్ని మడి ముందు నిలబెట్టాను.

"నాటిన మడి చూసుకుని తృప్తిగా నవ్వాలి," అన్నారు డైరెక్టరు గారు.

ఆయన ప్రయత్నించాడు. ఎగ్గొట్టాలని చూడలేదు, మాట ఇచ్చిన మనిషి. పెదాలు సాగేవి, పళ్ళు కనిపించేవి, నవ్వు మాత్రం వచ్చేది కాదు. నాలుగుసార్లు తీశారు. అయిదోసారి కెమెరా తిరుగుతుండగానే ఆయన కళ్ళు మా తలల మీదుగా ఏటి వైపు పోయాయి. డైరెక్టరు గారు కెమెరా ఆపించి, దగ్గరికి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"వద్దులే నాయనా. వెనకనుంచి తీద్దాం. గట్టు మీద నడిచి వెళ్ళిపో, చాలు," అని నావైపు తిరిగి, "ఎండ మాడిపోతోంది. తలకి తువ్వాలు చుట్టుకోమను. రైతులా ఉంటుంది," అన్నారు.

మొదటి రోజు నేను తీయించిన తువ్వాలే నా చేత్తో ఇచ్చాను. ఆయన అలవాటుగా తలకి చుట్టేసుకుని గట్టెక్కి నడిచాడు. ఒక్కసారికే బాగా వచ్చింది. మామూలు ప్రకారం నోటుబుక్కు తీసి రాసుకున్నాను: తల, తువ్వాలు. జుత్తు కనబడదు. మీసం కనబడదు.

రాసి, చదువుకుని, గట్టు మీద కూలబడ్డాను. వెనకనుంచి, తలగుడ్డతో, గుండుతో ఉన్నా సరిపోయేది. ఆయనే కానక్కర్లేదు, ఆ ఊళ్ళో ఏ మగాడు నడిచినా సరిపోయేది. ఆయన గట్టు చివర దాకా నడిచి ఆగలేదు, వెనక్కీ రాలేదు. అలాగే మంగలి ఇంటికి వెళ్ళిపోయాడని తర్వాత డ్రైవరు చెప్పాడు.

మద్రాసు వెళ్తూ దారిలో విజయనగరంలో దిగాను. నాన్న అభిషేకం ముగించుకుని వచ్చి వాలుకుర్చీలో కూర్చున్నారు. ఎవరి సంగతో అన్నట్టుగా అడిగాను, క్షౌరం మర్నాటికి వాయిదా వెయ్యొచ్చా అని. ఆయన తెలివైనవారు.

"ఎవరికి చెప్పావురా?"

చెప్పేశాను. ఏటి ఒడ్డున కాకి సంగతి కూడా చెప్పాను. నాన్న విసనకర్ర పక్కన పెట్టారు.

"నేను మంత్రం తప్పు చదివితే ఆ తప్పు నాది, నేను అనుభవిస్తాను. నువ్వు తప్పు చెప్పావు. దాన్ని వాడు అనుభవిస్తున్నాడు," అన్నారు. తర్వాత నాన్న ఆ ప్రసక్తి ఎప్పుడూ తేలేదు. నేను నాటకాలాడినా సినిమాల్లోకి పోయినా పల్లెత్తు మాట అనని మనిషి, ఆ పూట నాతో కలిసి భోజనానికి కూర్చోలేదు.

సినిమా తయారై వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. సినిమా వ్యానుతో ఆ పల్లెకి నన్నే పంపించారు. చీకటి పడగానే వేసి వెంటనే వచ్చేయమన్నారు. బడి గోడకి తెర కట్టాం. ఊరంతా వచ్చింది. ఆయన రాలేదు. ముసలమ్మ వచ్చి ముందు వరసలో, తెరకి మూరెడు దూరంలో కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. పారిపోదామనిపించింది గానీ కూర్చున్నాను.

బొమ్మ మొదలైంది. కొడుకు తెరమీద దున్నుతున్నాడు. ఆవిడ వేలు చూపించింది. "ఇది మొదటి దినం. ఆ పొద్దు ఆడు సద్దన్నం తినకండా ఎల్లిపోనాడు. ఆయన తిట్టినాడు." ఆకు తీస్తున్నాడు. "ఇది రెండో దినం. ఆయన బతికే ఉన్నాడు." ఉభాలు. "ఇదీ అంతే. ఆ మాపు సేపల పులుసు వొండినాను. ఆయన రెండుమార్లు ఏయించుకున్నాడు." తీసింది నేను, నోటుబుక్కులో రాసుకున్నది నేను. నాకు జుత్తూ మీసమూ మాత్రమే తెలుసు. అన్నీ గుర్తుపెట్టుకున్నది ఆవిడ.

తర్వాత తెరమీద గట్టు వచ్చింది. తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడు మాకు వీపు పెట్టి నడుస్తూ వెళ్ళిపోయాడు. పది లెక్కపెట్టేలోపు అయిపోయింది. తెర తెల్లబడింది. జనం లేచారు.

ఆవిడ లేవలేదు. "మరి ఆయన పోయినాక తీసిన బొమ్మేది బాబూ?"

"అదేనమ్మా. ఆఖరిది."

"ఆ ఈపా?"

"అవునమ్మా."

ఆవిడ ఇంకా తెల్లగుడ్డ వైపే చూస్తోంది. "దీనికేనా బాబూ జుత్తుంచమన్నావు?"

తిలా పాపం తలా పిడికెడు అని పంచుకోవడానికి అక్కడ డైరెక్టరు గారు లేరు, కెమెరామెన్ లేడు. ఉన్నా పంచుకునేది కాదు. కొడుకు ఎందుకు రాలేదని అడిగాను.

"ఆడిది అమాస అమాసకీ ఏటి కాడికెల్లి గుండు సేయించుకోడమే. ఇయాల అమాస గదా, సీకటి పడినా లేవకండా అక్కడే కూకుంతాడు. అన్నం ముద్ద పెట్టి కాకి కోసం సూత్తాడు," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండును.

వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆవిడ నా భుజం ఆసరా చేసుకుని లేచి, చీర దులుపుకుని, "నువ్వు సదువుకున్నోడివి గదా బాబూ. కాకి ముట్టడానికి శాస్త్రంలో ఏటైనా ఉంటే సెప్పు," అని అడిగింది.